హాలోజన్లు

ఆవర్తన పట్టికలో 17వ గ్రూపుకు చెందిన మూలకాల కుటుంబాన్ని హాలోజన్లు అంటారు. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్, ఆస్టటీన్, టెనెస్సిన్ అనే ఆరు మూలకాలు ఈ గ్రూపులో ఉన్నాయి. పాత పాఠ్యపుస్తకాలలో దీనిని 7ఏ గ్రూపు అని వ్రాసేవారు. ఈ మూలకాల పరమాణువులలో వెలుపలి కర్పరంలో ఏడు ఎలక్ట్రానులు ఉంటాయి. ఆ కర్పరం నిండటానికి ఎనిమిది కావాలి, అనగా ఒక్క ఎలక్ట్రాను తక్కువ. ఈ ఒక్క ఎలక్ట్రాను కొరతే హాలోజన్ల ధర్మాలన్నిటికీ మూలం.

హాలోజన్లను చదివేటప్పుడు ఒక విషయాన్ని మొదటి నుండి గుర్తుంచుకోవాలి. మూలకంగా ఉన్న హాలోజన్ వేరు, ఎలక్ట్రానును సంపాదించుకొని అయానుగా మారిన హాలోజన్ వేరు. క్లోరిన్ వాయువు పీల్చితే ప్రాణాపాయం. అదే క్లోరిన్ క్లోరైడు అయానుగా మనం రోజూ తినే ఉప్పులో ఉంది. అయితే అయానులన్నీ ఎంత మోతాదులోనైనా హానిలేనివి అని కూడా అనుకోరాదు. ఫ్లోరైడు విషయంలో తెలుగునాట అనేక గ్రామాల ప్రజలు ఈ సంగతిని అనుభవపూర్వకంగా తెలుసుకున్నారు.

పేరు

హాలోజన్ అనే మాటకు గ్రీకు మూలాలను బట్టి 'లవణాన్ని పుట్టించేది' అని అర్థం. తెలుగులో లవణజనకం అనవచ్చు. 1811లో జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ ష్వైగర్ ఈ పేరును ఒక్క క్లోరిన్‌కు సూచించాడు. అది నిలవలేదు. తరువాత స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ దానిని మొత్తం కుటుంబానికి వాడాడు. హాలోజన్లు లోహాలతో నేరుగా కలసి లవణాలను ఇస్తాయి గనుక ఈ పేరు సార్థకమైనదే. ఇలా ఏర్పడిన లవణాలను హాలైడులు అంటారు. సోడియం, క్లోరిన్ కలిసి ఏర్పడే సోడియం క్లోరైడు, అంటే మన వంటింటి ఉప్పు, వీటిలో అందరికీ తెలిసినది.

మూలకాల కుటుంబం అంటే ఏమిటి?

ఆవర్తన పట్టికలో నిలువు వరుసను గ్రూపు అనీ, అడ్డు వరుసను పీరియడ్ అనీ అంటారు. ఒకే గ్రూపులోని మూలకాలకు వెలుపలి కర్పరంలోని ఎలక్ట్రానుల అమరిక సాధారణంగా ఒకే విధంగా ఉంటుంది. రసాయన చర్యలలో పాల్గొనేవి ముఖ్యంగా ఆ ఎలక్ట్రానులే కాబట్టి గ్రూపులోని మూలకాలకు పోలికలు వస్తాయి. అందుకే గ్రూపును కుటుంబం అని కూడా పిలుస్తారు. క్షార లోహాలు, క్షారమృత్తిక లోహాలు, హాలోజన్లు, ఉత్కృష్ట వాయువులు ఇటువంటి కుటుంబాలే.

అయితే ఎలక్ట్రాను సంగతి ఎవరికీ తెలియక ముందే ఈ కుటుంబ పోలికలను రసాయన శాస్త్రవేత్తలు గుర్తించారు. 1829లో డోబరైనర్ ఒకే విధమైన ధర్మాలు గల మూలకాలను మూడేసి చొప్పున జట్టు కట్టాడు. వీటిని త్రికాలు అంటారు. క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అటువంటి త్రికం. క్లోరిన్ పరమాణు భారం సుమారు 35.5, అయోడిన్‌ది సుమారు 127. ఈ రెండింటి సగటు 81.25. మధ్యనున్న బ్రోమిన్ పరమాణు భారం సుమారు 80. ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కాదని అప్పుడే అనుమానం కలిగింది.

1869లో మెండలీవ్ తన పట్టికను ప్రకటించినప్పుడు ఒక చిక్కు ఎదురయింది. పరమాణు భారాల వరుసను తు.చ. తప్పక పాటిస్తే అయోడిన్ (126.9) ముందూ, టెల్లూరియం (127.6) వెనుకా రావాలి. అలా చేస్తే అయోడిన్ పోయి ఆక్సిజన్, గంధకాల కుటుంబంలో పడుతుంది. టెల్లూరియం వచ్చి క్లోరిన్, బ్రోమిన్‌ల సరసన కూర్చుంటుంది. మెండలీవ్ అందుకు ఒప్పుకోలేదు. ధర్మాలను బట్టి అయోడిన్‌ను హాలోజన్ల వరుసలోనే ఉంచాడు. టెల్లూరియం పరమాణు భారాన్ని తప్పుగా కొలిచి ఉంటారని భావించాడు. నిజానికి ఆ భారం సరైనదే. మూలకాలను అమర్చవలసినది పరమాణు భారాన్ని బట్టి కాదు, కేంద్రకంలోని ధనావేశాన్ని బట్టి అని 1913లో మోస్లే ఎక్స్-కిరణాల ప్రయోగాలతో చూపాడు. టెల్లూరియం పరమాణు సంఖ్య 52, అయోడిన్‌ది 53. మెండలీవ్ చెప్పిన కారణం తప్పయినా, ఆయన చేసిన అమరిక ఒప్పు. కుటుంబ పోలికకు ఆయన ఇచ్చిన విలువ వృథా పోలేదు.

పరమాణు నిర్మాణం

ఫ్లోరిన్ పరమాణువులో ఎలక్ట్రానులు కర్పరాల వారీగా 2, 7 గా ఉంటాయి. క్లోరిన్‌లో 2, 8, 7. బ్రోమిన్‌లో 2, 8, 18, 7. అయోడిన్‌లో 2, 8, 18, 18, 7. కర్పరాల సంఖ్య పెరుగుతున్నా చివరి అంకె మాత్రం ఏడుగానే ఉండడం గమనించాలి.

ఈ ఏడింటిని వదులుకోవడం కంటె ఒకదానిని సంపాదించుకోవడం సులభం. అందుచేత హాలోజన్ పరమాణువు లోహాల నుండి ఒక ఎలక్ట్రానును గ్రహించి ఏకఋణావేశం గల హాలైడు అయానుగా మారుతుంది. అలోహాలతో కలిసేటప్పుడు ఎలక్ట్రానును పూర్తిగా లాక్కోవడం కుదరదు గనుక పంచుకొంటుంది. అప్పుడు సమయోజనీయ బంధం ఏర్పడుతుంది. పక్కన వేరే మూలకం ఏదీ లేకపోతే రెండు హాలోజన్ పరమాణువులే చెరొక ఎలక్ట్రానునూ పంచుకొని ద్విపరమాణుక అణువుగా ఉంటాయి.

పై నుండి క్రిందికి పోయే కొద్దీ కర్పరాలు పెరిగి పరమాణువు పెద్దదవుతుంది. కొత్తగా వచ్చే ఎలక్ట్రాను కేంద్రకానికి దూరంగా ఉండవలసి వస్తుంది. మధ్యనున్న ఎలక్ట్రానులు కేంద్రకపు ఆకర్షణను కొంత అడ్డుకొంటాయి కూడా. అందువల్ల ఎలక్ట్రానులను ఆకర్షించే శక్తి ఫ్లోరిన్ నుండి అయోడిన్‌కు క్రమంగా తగ్గుతుంది. ఉమ్మడి లక్షణం కుటుంబాన్ని కలిపి ఉంచితే, ఈ క్రమమైన మార్పు సభ్యులను వేరు చేసి చూపుతుంది.

భౌతిక ధర్మాలు

| మూలకం | పరమాణు సంఖ్య | పరమాణు భారం | ద్రవీభవన స్థానం (°సె) | మరుగు స్థానం (°సె) | ఋణవిద్యుదాత్మకత (పౌలింగ్) | గది ఉష్ణోగ్రత వద్ద |
|---|---|---|---|---|---|---|
| ఫ్లోరిన్ | 9 | 19.0 | −219.6 | −188.1 | 3.98 | లేత పసుపు వాయువు |
| క్లోరిన్ | 17 | 35.45 | −101.5 | −34.0 | 3.16 | ఆకుపచ్చ కలిసిన పసుపు వాయువు |
| బ్రోమిన్ | 35 | 79.9 | −7.2 | 58.8 | 2.96 | ఎరుపు కలిసిన గోధుమరంగు ద్రవం |
| అయోడిన్ | 53 | 126.9 | 113.7 | 184.3 | 2.66 | నల్లగా మెరిసే ఘనం |

ఒకే కుటుంబంలో వాయువు, ద్రవం, ఘనం మూడూ కనిపించడం హాలోజన్ల ప్రత్యేకత. దీనికి కారణం అణువుల మధ్య ఉండే బలహీనమైన వాండర్ వాల్ ఆకర్షణ బలాలు. అణువులో ఎలక్ట్రానుల సంఖ్య పెరిగే కొద్దీ ఈ బలాలు పెరుగుతాయి. కాబట్టి ద్రవీభవన, మరుగు స్థానాలు కూడా క్రమంగా పెరుగుతాయి. రంగు సైతం క్రిందికి పోయే కొద్దీ ముదురుతుంది.

అయోడిన్‌ను నెమ్మదిగా వేడి చేస్తే ఊదారంగు ఆవిరి లేస్తుంది. చల్లని గాజు పలకను పైన పెడితే ఆ ఆవిరి తిరిగి స్ఫటికాలుగా పేరుకుంటుంది. దీనిని ఉత్పతనానికి ఉదాహరణగా చూపుతారు. దీనిని బట్టి అయోడిన్ అసలు ద్రవంగా మారదని చాలామంది విద్యార్థులు అనుకొంటారు. అది పొరపాటు. సాధారణ పీడనం వద్దనే అయోడిన్ 113.7 డిగ్రీల వద్ద కరిగి ద్రవమవుతుంది. అంతకు ముందే దాని నుండి తగినంత ఆవిరి వెలువడుతుంది, అంతే.

రసాయన ధర్మాలు

ఆక్సీకరణ శక్తి

ఇతర పదార్థాల నుండి ఎలక్ట్రానులను తీసుకొనే గుణాన్ని ఆక్సీకరణ శక్తి అంటారు. హాలోజన్లలో ఇది ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అనే క్రమంలో తగ్గుతుంది. హైడ్రోజన్‌తో వీటి చర్యను పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఫ్లోరిన్ చీకటిలోనైనా, చల్లగా ఉన్నా హైడ్రోజన్‌తో ప్రేలుడుతో కలుస్తుంది. క్లోరిన్‌కు సూర్యకాంతి తగిలితే ప్రేలుతుంది. బ్రోమిన్‌కు వేడి కావాలి. అయోడిన్ వేడి చేసినా పూర్తిగా కలవదు. ఏర్పడిన హైడ్రోజన్ అయోడైడు కొంత మళ్ళీ విడిపోతూ ఉంటుంది.

స్థానభ్రంశ చర్యలు

కుటుంబంలో పైనున్న హాలోజన్, క్రిందనున్న దానిని దాని లవణం నుండి తొలగిస్తుంది. పొటాషియం బ్రోమైడు ద్రావణంలోకి క్లోరిన్ నీటిని పోస్తే ద్రావణం నారింజ రంగుకు తిరుగుతుంది.

క్లోరిన్ + పొటాషియం బ్రోమైడు → పొటాషియం క్లోరైడు + బ్రోమిన్

ఇదే విధంగా పొటాషియం అయోడైడు నుండి క్లోరిన్, బ్రోమిన్ రెండూ అయోడిన్‌ను వెలువరించగలవు. కాని అయోడిన్ వీటిని దేనినీ తొలగించలేదు. సముద్రపు నీటి నుండి, ఉప్పు మడులలో మిగిలిన చేదు ద్రావణం నుండి బ్రోమిన్‌ను తయారు చేసే పరిశ్రమ అంతా ఈ ఒక్క చర్య మీద ఆధారపడి ఉంది.

ఫ్లోరిన్ ప్రత్యేకత

పరీక్షలలో తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. వాయుస్థితిలో పరమాణువు ఒక ఎలక్ట్రానును గ్రహించినప్పుడు వెలువడే శక్తి ఫ్లోరిన్‌కు మోలుకు 328 కిలోజౌళ్ళు, క్లోరిన్‌కు 349 కిలోజౌళ్ళు. క్లోరిన్‌దే ఎక్కువ. అయినా ఫ్లోరిన్ ఎందుకు బలమైన ఆక్సీకరణి?

ఫ్లోరిన్ పరమాణువు చాలా చిన్నది. అందులో ఇప్పటికే ఉన్న ఎలక్ట్రానులు ఇరుకుగా సర్దుకొని ఉంటాయి గనుక కొత్తగా వచ్చే ఎలక్ట్రానును కొంత వికర్షిస్తాయి. అందువల్లనే ఆ శక్తి తగ్గింది. కాని చర్య జరిగే తీరులో మరి రెండు అంశాలు ఉన్నాయి. మొదటిది, ఫ్లోరిన్ అణువులోని బంధం బలహీనమైనది. దానిని తెంచడానికి మోలుకు సుమారు 158 కిలోజౌళ్ళు చాలు, క్లోరిన్‌కు సుమారు 242 కావాలి. రెండవది, చిన్నదైన ఫ్లోరైడు అయాను నీటి అణువులను గట్టిగా ఆకర్షించి ఎక్కువ శక్తిని విడుదల చేస్తుంది. ఘన లవణాలలో కూడా అది గట్టి బంధాలను ఇస్తుంది. జమాఖర్చులన్నీ కలిపి చూస్తే ఫ్లోరిన్‌దే పైచేయి. ఒక్క అంకెను మాత్రమే చూసి ధర్మాన్ని నిర్ణయించకూడదు అనడానికి ఇది మంచి ఉదాహరణ.

అన్ని మూలకాలలోను ఫ్లోరిన్‌కే ఋణవిద్యుదాత్మకత ఎక్కువ. అందుచేత సమ్మేళనాలలో దాని ఆక్సీకరణ స్థితి ఎప్పుడూ −1 మాత్రమే. మిగిలిన హాలోజన్లు ఆక్సిజన్‌తోను, ఫ్లోరిన్‌తోను కలిసేటప్పుడు +1, +3, +5, +7 స్థితులను కూడా చూపుతాయి. హైపోక్లోరస్, క్లోరస్, క్లోరిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాలు వరుసగా క్లోరిన్ యొక్క ఈ నాలుగు స్థితులకు ఉదాహరణలు.

హైడ్రోజన్ హాలైడులు

హైడ్రోజన్‌తో హాలోజన్లు ఇచ్చే సమ్మేళనాలు నీటిలో కరిగి ఆమ్లాలవుతాయి. వీటి బలం హైడ్రోఫ్లోరిక్, హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోఅయోడిక్ అనే క్రమంలో పెరుగుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీన ఆమ్లమే అయినా అత్యంత ప్రమాదకరమైనది. అది గాజును తినివేస్తుంది. చర్మంలోకి ఇంకి శరీరంలోని కాల్షియంతో కలిసిపోతుంది. 'బలహీన ఆమ్లం' అన్నప్పుడు నీటిలో తక్కువగా అయనీకరణం చెందుతుందనే అర్థం, హాని చేయదని కాదు.

ప్రయోగశాలలో గుర్తించే విధానం

లవణ ద్రావణానికి సజల నత్రికామ్లం, ఆ తరువాత సిల్వర్ నైట్రేట్ ద్రావణం కలపాలి. తెల్లని అవక్షేపం వచ్చి అది అమోనియాలో కరిగిపోతే క్లోరైడు. లేత పసుపు అవక్షేపం వచ్చి గాఢ అమోనియాలో మాత్రమే కరిగితే బ్రోమైడు. పసుపు అవక్షేపం వచ్చి అమోనియాలో కరగకపోతే అయోడైడు. సిల్వర్ ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది కనుక ఫ్లోరైడుకు ఈ పరీక్ష పనికిరాదు.

ఆవిష్కరణ చరిత్ర

క్లోరిన్: 1774లో స్వీడన్‌లో మందుల తయారీదారు అయిన షీలే మాంగనీస్ డయాక్సైడుతో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వేడి చేసి ఈ వాయువును పొందాడు. కాని అది మూలకమని ఆయన గ్రహించలేదు. ఆమ్లాలన్నిటిలోను ఆక్సిజన్ ఉంటుందని ఆ రోజులలో నమ్మేవారు గనుక దీనిని ఆక్సిజన్ ఉన్న సమ్మేళనంగా భావించారు. 1810లో హంఫ్రీ డేవీ దీని నుండి ఆక్సిజన్‌ను ఎంత ప్రయత్నించినా రాబట్టలేమని చూపి, ఇది మూలకమేనని ప్రకటించాడు. రంగును బట్టి క్లోరిన్ అని పేరు పెట్టాడు.

అయోడిన్: 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్ కుర్త్వా అనే సురేకారం తయారీదారు సముద్రపు నాచు బూడిదతో పని చేస్తూ, గంధకామ్లాన్ని కాస్త ఎక్కువగా పోశాడు. ఊదారంగు ఆవిరి లేచి చల్లని పాత్రలపై స్ఫటికాలు కట్టింది. గ్రీకు భాషలో ఊదారంగును సూచించే మాట నుండి ఈ మూలకానికి పేరు వచ్చింది.

బ్రోమిన్: 1826లో ఫ్రాన్స్‌లోని మోంపెలియే పట్టణంలో యువకుడైన అంత్వాన్ బలార్ ఉప్పు మడుల ద్రావణం నుండి దీనిని వెలికితీశాడు. జర్మనీలో కార్ల్ లోవిగ్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. ప్రసిద్ధుడైన లీబిగ్ చేతికి అంతకు ముందే ఈ ద్రవం వచ్చినా, దానిని అయోడిన్ క్లోరైడుగా పొరబడ్డాడు. బ్రోమిన్ అనే పేరుకు దుర్గంధం అని అర్థం.

ఫ్లోరిన్: ఈ మూలకం ఉన్నదని అందరికీ తెలిసినా విడదీయడానికి దశాబ్దాలు పట్టింది. ఏ పాత్రలో ఉంచినా ఆ పాత్రనే అది తినివేసేది. ప్రయత్నించినవారిలో పలువురు గాయపడ్డారు. బెల్జియంకు చెందిన లూయే, ఫ్రాన్స్‌కు చెందిన నిక్లెస్ ప్రాణాలు కోల్పోయారు. చివరకు 1886 జూన్ 26న ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ మొయిస్సాఁ, పొటాషియం లవణం కలిపిన హైడ్రోజన్ ఫ్లోరైడు ద్రవాన్ని ప్లాటినం పాత్రలో చల్లబరచి విద్యుద్విశ్లేషణ చేసి ఫ్లోరిన్‌ను పొందాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఆస్టటీన్: 1940లో అమెరికాలోని బర్క్‌లీలో కోర్సన్, మెకెంజీ, సెగ్రే బిస్మత్‌ను ఆల్ఫా కణాలతో తాడించి దీనిని సృష్టించారు. పేరుకు 'నిలకడ లేనిది' అని అర్థం. అన్నిటి కంటె ఎక్కువ కాలం నిలిచే దాని ఐసోటోపు అర్ధజీవిత కాలం సుమారు 8 గంటలు మాత్రమే.

టెనెస్సిన్: రష్యాలోని దుబ్నాలో బెర్కిలియంను కాల్షియం అయానులతో తాడించి చేసిన ప్రయోగాల ఫలితంగా 2010లో ఈ 117వ మూలకాన్ని ప్రకటించారు. 2016లో దీనికి పేరు ఖరారయింది. కొద్ది పరమాణువులు మాత్రమే తయారయ్యాయి కాబట్టి దీని రసాయన ధర్మాలను ప్రయోగం ద్వారా తెలుసుకోవడం సాధ్యపడలేదు. ఇంత బరువైన పరమాణువులో ఎలక్ట్రానుల ప్రవర్తన మారడం వలన ఇది కుటుంబ లక్షణాలను అంతగా చూపకపోవచ్చునని సైద్ధాంతిక లెక్కలు సూచిస్తున్నాయి.

లభ్యత, ఉపయోగాలు

తీవ్రమైన చర్యాశీలత వలన హాలోజన్లు ప్రకృతిలో సాధారణంగా స్వేచ్ఛగా దొరకవు. ఆంటొజొనైట్ అనే ఒక రకం ఫ్లోరైటు ఖనిజంలో చిక్కుకొన్న ఫ్లోరిన్ వాయువు ఉన్నదని 2012లో నిర్ధారించారు. ఇది అరుదైన మినహాయింపు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 19 గ్రాముల క్లోరైడు, 65 మిల్లీగ్రాముల పైచిలుకు బ్రోమైడు ఉంటాయి. అయోడిన్ ఒక మిల్లీగ్రాములో పదోవంతు కూడా ఉండదు. అందుకే అయోడిన్‌ను ముఖ్యంగా చిలీ దేశపు నైట్రేటు నిక్షేపాల నుండి, జపాన్ భూగర్భ ఉప్పునీటి నుండి తీస్తారు. మన దేశంలో బ్రోమిన్ గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు ఉప్పునీటి నుండి వస్తుంది.

ఫ్లోరిన్ సమ్మేళనాలు అల్యూమినియం తయారీలోను, యురేనియం శుద్ధిలోను, అంటుకోని పెనాలపై పూసే టెఫ్లాన్‌లోను వాడతారు. సిల్వర్ బ్రోమైడు వెలుగు తగిలితే మారిపోయే గుణం వల్ల ఫోటో ఫిల్ములకు ఆధారమయింది. అయోడిన్ గాయాలకు పూసే మందులలో ఉంటుంది. పిండి పదార్థాన్ని నీలం-నలుపు రంగుకు మార్చే గుణం వల్ల అన్నం మెతుకు మీద, బంగాళదుంప ముక్క మీద బడిపిల్లలు చేసే పరీక్షకు పనికివస్తుంది.

క్లోరిన్ వినియోగం వీటన్నిటికంటె విస్తృతమైనది. పీవీసీ గొట్టాలు, మందులు, పురుగుమందులు మొదలైన వాటిలో దాని పాత్ర ఉంది. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో త్రాగునీటికి నిరంతరంగా క్లోరిన్ సమ్మేళనాన్ని కలపడం మొదలయింది. క్లోరిన్ నీటితో కలిసి హైపోక్లోరస్ ఆమ్లాన్ని ఇస్తుంది. అది సూక్ష్మజీవులను చంపుతుంది. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధులను అదుపు చేయడంలో ఈ పద్ధతి చేసిన మేలు ఎంతో. మన ఊళ్ళలో బావులలో చల్లే బ్లీచింగ్ పౌడరు, పొడి సున్నం మీదుగా క్లోరిన్‌ను పంపి తయారు చేసినదే.

అదే క్లోరిన్‌ను 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం యుద్ధాయుధంగా వదలింది. గాలికంటె బరువైన ఆ వాయువు కందకాలలోకి దిగి సైనికుల ఊపిరితిత్తులను కాల్చివేసింది. ఇంకొక కీడు ఎవరూ తలపెట్టకుండానే జరిగింది. శీతలీకరణ యంత్రాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు ఆకాశంలో పైకి చేరి, అక్కడ క్లోరిన్ పరమాణువులను విడుదల చేసి ఓజోన్ పొరను నాశనం చేయగలవని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం వీటి తయారీని ప్రపంచ దేశాలు క్రమంగా నిలిపివేశాయి.

అయోడిన్, ఆరోగ్యం

మెడ ముందు భాగంలో ఉండే అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, తయారు చేసే థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ సరిపోతుంది. అంత కొద్దిపాటి కూడా అందకపోతే గ్రంథి ఉబ్బి గాయిటర్ అనే గొంతువాపు వస్తుంది. గర్భిణులకు తీవ్రంగా లోపిస్తే పుట్టే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. వానలకు, వరదలకు నేలలోని అయోడిన్ కొట్టుకుపోయిన కొండ ప్రాంతాలలో ఈ సమస్య ఎక్కువ.

శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో తన సహచరులతో దీనిపై అధ్యయనం ప్రారంభించాడు. లోయలో కొన్ని భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, ఒక భాగానికి మామూలు ఉప్పును సరఫరా చేసి పోల్చారు. కొన్నేళ్ళకు అయోడిన్ ఉప్పు అందిన చోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలయింది. 2006 నుండి దేశమంతటా తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి. వాడుకదారునికి చేరే సరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి.

ఉప్పులో కలిపేది అయోడిన్ మూలకం కాదు, పొటాషియం అయోడేటు. మన తేమ వాతావరణంలో అయోడైడు కంటె అయోడేటు నిలకడగా ఉంటుంది. అందుకే ఈ ఉప్పును అన్నం మీద చల్లితే నీలం రంగు రాదు. నీలం రంగు ఇచ్చేది స్వేచ్ఛగా ఉన్న అయోడిన్ మాత్రమే.

ఫ్లోరైడు, ఫ్లోరోసిస్

పళ్ళ పైపొరలోను, ఎముకలలోను ఉండే ముఖ్య ఖనిజం హైడ్రాక్సీ ఎపటైటు. దీనిలోని హైడ్రాక్సైడు అయానుకు, ఫ్లోరైడు అయానుకు ఆవేశమూ ఒకటే, పరిమాణమూ ఇంచుమించు ఒకటే. అందుచేత ఒకదాని స్థానంలో మరొకటి సులభంగా చేరుతుంది. కొద్దిగా చేరితే పళ్ళ పైపొర ఆమ్లాలను తట్టుకొంటుంది. టూత్‌పేస్టులలో ఫ్లోరైడును కలపడం ఇందుకే. కాని ఏళ్ళ తరబడి అధికంగా చేరితే పళ్ళపై గోధుమరంగు చారలు పడతాయి, ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. దీనినే ఫ్లోరోసిస్ అంటారు. ముదిరిన తరువాత దీనిని పూర్తిగా నయం చేసే మందు లేదు. నివారణ ఒక్కటే మార్గం.

మన దేశంలో ఈ వ్యాధిని తొలిసారిగా వర్ణించిన వైద్య నివేదికలలో 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గురించి ప్రకటించినది ముఖ్యమైనది. తరువాత నల్గొండ జిల్లా పేరు దేశమంతటా ఈ వ్యాధితో ముడిపడింది. ఇక్కడి గ్రానైటు శిలలలోని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంది. నీరు రాతి పగుళ్ళలో ఎక్కువ కాలం నిలిచే కొద్దీ అది నీటిలోకి దిగుతుంది. కాల్షియం ఎక్కువగా ఉంటే కరగని కాల్షియం ఫ్లోరైడుగా మారి కొంత విడిపోతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేటు ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడు అలాగే నిలిచిపోతుంది. అందువల్ల తేటగా, కమ్మగా ఉన్న బోరు నీరు కూడా హానికరం కావచ్చు. రుచిని బట్టి, రంగును బట్టి ఫ్లోరైడును గుర్తించలేము, పరీక్ష చేయించవలసిందే.

భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. నీటిని మరగబెడితే ఫ్లోరైడు పోతుందనుకోవడం ప్రమాదకరమైన అపోహ. మరిగించినప్పుడు నీరు ఆవిరై, మిగిలిన దానిలో ఫ్లోరైడు గాఢత పెరుగుతుంది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970 దశకంలో రూపొందించిన పద్ధతికి నల్గొండ పద్ధతి అని పేరు. నీటికి తగు మోతాదులో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి కలియబెడతారు. పటిక నుండి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడు రేకులు ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరతాయి, పైతేటను వడకడతారు. బ్లీచింగ్ పౌడరు పని క్రిములను చంపడం. ఒక హాలోజన్‌ను తీసివేసే నీటిలోనే మరొక హాలోజన్ సమ్మేళనం కాపలా కాయడం ఇందులోని విశేషం. ఇది చవకైన పద్ధతి. కాని నీటిని బట్టి మోతాదును సరిచూస్తూ ఉండాలి, మడ్డిని జాగ్రత్తగా పారవేయాలి. ఉత్తేజిత అల్యూమినా వడపోత, రివర్స్ ఆస్మోసిస్ ఇతర మార్గాలు. అన్నిటికంటె మేలైనది ఫ్లోరైడు తక్కువగా ఉన్న నదీజలాలను అందించడం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఈ దారిలోనిదే.

జాగ్రత్తలు

బ్లీచింగ్ పౌడరును గాని, బట్టలకు వాడే బ్లీచ్ ద్రవాన్ని గాని, మరుగుదొడ్లు కడిగే ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు. అలా కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసి ఉన్న స్నానాల గదిలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. పొరపాటున జరిగితే వెంటనే గది విడిచి స్వచ్ఛమైన గాలిలోకి వెళ్ళాలి. ప్రయోగశాలలో బ్రోమిన్‌ను వాయువులను బయటకు లాగే గూటిలోనే, చేతితొడుగులు, కళ్ళద్దాలు ధరించి వాడాలి. చర్మంపై పడితే లోతైన పుండ్లు పడతాయి. ఉప్పును మూత ఉన్న పాత్రలో, పొయ్యికి దూరంగా ఉంచితే అందులోని అయోడిన్ నష్టపోదు.

ఇవి కూడా చూడండి

ఆవర్తన పట్టిక
క్షార లోహాలు
ఉత్కృష్ట వాయువులు
ఫ్లోరోసిస్